పొలిమేరకు అటూ ఇటూ: రెండు పాలో ఆల్టోల కథ

అమెరికాలో ఇల్లు కొనుక్కోవాలనుకునే మనవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్నలు రెండు. బడి ఎలాంటిది? పేట భద్రమైనదేనా? తూర్పు వాకిలి ఉందా, గుడి ఎంత దూరం, ఇండియన్ స్టోర్ దగ్గరలో ఉందా అన్నవన్నీ ఆ తరువాతే. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఆ పేటలో ఉండే మనుషుల గుణాన్ని బట్టి ఉంటుందని సాధారణంగా అనుకుంటాం. "మంచి ఏరియా", "మంచిది కాని ఏరియా" అని రెండు ముక్కల్లో తేల్చేస్తాం. కానీ ఒక ఏరియా మంచిదో కాదో నిర్ణయించేది చాలాసార్లు అక్కడి మనుషులు కాదు. ఎవరో, ఎప్పుడో, ఏదో నగర మండలి సమావేశంలో గీసిన ఒక పొలిమేర గీత. సిలికాన్ వ్యాలీ నడిబొడ్డున ఉన్న ఈస్ట్ పాలో ఆల్టో చరిత్రే అందుకు ఉదాహరణ. మనలో వేలమంది రోజూ ఆ ఊరి మీదుగా ఆఫీసుకు వెళుతుంటారు. ఆ ఊరి కథ మాత్రం చాలామందికి తెలియదు.

నేను 1996లో బే ఏరియాకు వచ్చాను. కాపురం ఫ్రీమాంట్‌లో, ఉద్యోగం పాలో ఆల్టోలో. రోజూ డంబార్టన్ వంతెన దాటి, యూనివర్సిటీ అవెన్యూ మీదుగా వెళ్ళాలి. ఆ రోడ్డు ముందు ఈస్ట్ పాలో ఆల్టో గుండా సాగి, 101వ నంబరు ఫ్రీవేను దాటి, పాలో ఆల్టోలోకి ప్రవేశించి, చివరకు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తాటిచెట్ల బాట దగ్గర ఆగుతుంది. "ఫ్రీవే దాటేదాకా కారు తలుపులు లాక్ చేసుకో, సిగ్నల్ దగ్గర కిటికీ దించకు" అని తోటి ఉద్యోగులు చెప్పేవారు. చెప్పినవారిలో చెడ్డవారెవరూ లేరు, కొత్తవాడినని జాగ్రత్త చెప్పారంతే. అయితే ఒకే రోడ్డు, ఒకే ఎండ, ఒకే నేల అయినప్పుడు ఫ్రీవేకి అటొక లోకం, ఇటొక లోకం ఎలా అయ్యాయన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ తరువాత కొన్నేళ్ళపాటు శనివారాలు అక్కడి పిల్లలకు లెక్కలు చెప్పడానికి వెళ్ళడం, ఊరి పెద్దవాళ్ళతో మాట్లాడడం, దొరికిన పుస్తకాలు చదవడం వల్ల జవాబు కొంత దొరికింది. అది మీతో పంచుకుంటాను.

కోళ్ళ ఫారాల ఊరు

రెండు ఊళ్ళ పేర్లూ ఒకటే అయినా వాటి జిల్లాలు, అంటే కౌంటీలు వేరు. పాలో ఆల్టో 1894లోనే సొంత పురపాలక సంఘం ఏర్పాటు చేసుకుంది. అది శాంటా క్లారా కౌంటీలో ఉంది. ఈస్ట్ పాలో ఆల్టో శాన్ మాటియో కౌంటీలో ఒక మూలన ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ ఉన్నవి తోటలు, పొలాలు. 1916లో ఛార్లెస్ వీక్స్ అనే ఆయన "ఒక ఎకరం, స్వేచ్ఛ" అన్న నినాదంతో అక్కడ కోళ్ళు పెంచే రైతుల కాలనీ ఒకటి స్థాపించాడు. జపాన్ నుంచి వచ్చిన కుటుంబాలు పూలు పండించేవి. యుద్ధకాలంలో, 1942లో, ప్రభుత్వం వాళ్ళను నిర్బంధ శిబిరాలకు తరలించింది.

ఆ ప్రాంతానికి సొంత పురపాలన లేదు. మన భాషలో చెప్పాలంటే పంచాయతీ కూడా లేని శివారు. పోలీసు, రోడ్డు, దీపం అన్నీ దూరాన ఉన్న కౌంటీ కార్యాలయం దయ. సొంత గొంతు లేని చోట ఏం జరుగుతుందో చెప్పడానికి ఒక చిన్న ఉదాహరణ చాలు. స్టాన్‌ఫర్డ్ క్యాంపస్ చుట్టూ మైలున్నర దూరంలో మద్యం అమ్మరాదని చట్టం ఉండేది. విద్యార్థులు చెడిపోకూడదన్నది ఉద్దేశం. దాహం మాత్రం చట్టానికి లొంగదు కదా! సారా దుకాణాలన్నీ ఆ హద్దు దాటిన వెంటనే, యూనివర్సిటీ అవెన్యూ పక్కన, ఈస్ట్ పాలో ఆల్టో మొదట్లో వెలిశాయి. ఆ చోటికి విస్కీ గల్చ్ అన్న పేరే స్థిరపడిపోయింది. అంటే ఒక ఊరి మర్యాద కాపాడిన చట్టమే పక్క ఊరికి సారా బజారును కట్టబెట్టింది.

గీత ఎలా పడింది

1951లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తన భూమిలో పారిశ్రామిక పార్కు ప్రారంభించింది. ఫ్రెడరిక్ టెర్మన్ అనే ఇంజనీరింగ్ ఆచార్యుడు దాని వెనుక ఉన్న పెద్ద. మొదట వేరియన్, ఆ తరువాత హ్యూలెట్ ప్యాకర్డ్ వంటి కంపెనీలు అక్కడికి చేరాయి. సిలికాన్ వ్యాలీ చరిత్రలో ఈ సంగతి అందరూ రాస్తారు. అంతగా రాయనిది ఇంకొకటి ఉంది. పాలో ఆల్టో నగరం ఆ భూమిని తన హద్దుల్లో కలుపుకుంది. కౌలుకిచ్చిన భూమి మీద కంపెనీలు కట్టే పన్ను నగర ఖజానాకు చేరింది. బడులు, గ్రంథాలయాలు, పార్కులు, పోలీసులు ఆ డబ్బుతో పెరిగాయి. మేధస్సు విశ్వవిద్యాలయానిదే కావచ్చు, కానీ హద్దు గీయడం మాత్రం రాజకీయమే.

ఆ కాలమే అలాంటిది. దక్షిణాన శాన్ హోసేలో 1950 నుంచి 1969 దాకా సిటీ మేనేజరుగా ఉన్న డచ్ హామన్ చుట్టుపక్కల తోటలన్నీ ఊళ్ళో కలుపుకుంటూ పోయాడు. 17 చదరపు మైళ్ళ ఊరు ఆయన చేతిలో 130 చదరపు మైళ్ళు దాటింది. ఆయన మింగేస్తాడన్న భయంతోనే పక్క గ్రామాలు సొంత పురపాలక సంఘాలు పెట్టుకున్నాయి. 1952లో క్యాంబెల్, 1954లో మిల్పిటస్, 1955లో కూపర్టినో అలా పుట్టినవే. ఈనాడు మనవాళ్ళు బడుల కోసం ఎగబడి ఇళ్ళు కొనే కూపర్టినో ఆత్మరక్షణ కోసం గీసుకున్న గీత అన్నమాట. సమయానికి గీత గీసుకున్నవాళ్ళు బాగుపడ్డారు.

ఈస్ట్ పాలో ఆల్టోకు ఆ అదృష్టం లేదు. ఆదాయం వచ్చే భూములను మెన్లో పార్కు, పాలో ఆల్టో ముందే తమలో కలుపుకున్నాయి. 1950ల్లో ఫ్రీవేను వెడల్పు చేసినప్పుడు ఊరి వ్యాపార వీధి దాని కింద పోయింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇళ్ళ రుణాల దగ్గర పడింది. ఆ రోజుల్లో కేంద్ర ప్రభుత్వ గృహ సంస్థ నల్లజాతి వారికి తెల్లవారి పేటల్లో ఇళ్ళ రుణాలకు పూచీ ఇచ్చేది కాదు. స్టాన్‌ఫర్డ్ దగ్గరే 1940ల్లో కొన్ని కుటుంబాలు సహకార సంఘం పెట్టుకుని ఇళ్ళు కట్టుకోబోతే, సభ్యుల్లో మూడు నల్లజాతి కుటుంబాలు ఉన్నందుకు రుణం రాలేదు. భూమి అమ్ముకోవలసి వచ్చింది. 1954లో ఈస్ట్ పాలో ఆల్టోలో ఒక తెల్లవాడు తన ఇల్లు నల్లజాతి కుటుంబానికి అమ్మాడు. వెంటనే రాష్ట్ర రియల్ ఎస్టేట్ సంఘం అధ్యక్షుడే అక్కడ ఆఫీసు తెరిచి, మీ ఇళ్ళ ధరలు పడిపోతాయని తెల్లవారిని హడలగొట్టాడు. బెదిరినవారి దగ్గర చవకగా కొని, మరెక్కడా ఇల్లు దొరకని నల్లజాతి వారికి ఎక్కువ ధరకు అమ్మారు. ఆరేళ్ళు తిరిగేసరికి ఆ ఊళ్ళో ఐదింట నాలుగు వంతుల మందికి పైగా నల్లజాతి వారే.

నేను లెక్కలు చెప్పే చోట పరిచయమైన ఒక పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవరు, తన తండ్రి ఆ రోజుల్లో ఇల్లు కొన్న సంగతి చెప్పేవాడు. తండ్రి పని చేసింది పాలో ఆల్టోలో, ఇల్లు కొనగలిగింది మాత్రం ఇక్కడే. గ్యారేజీలో కూడా ఒక బంధువుల కుటుంబం ఉండేదట. "అందరూ అడిగేది మేం ఇక్కడికి ఎందుకు వచ్చామని. ఇంకెక్కడికి వెళ్ళనిచ్చారో ఎవరూ అడగరు" అన్నాడాయన.

పదిహేను ఓట్ల ఊరు

1958లో అక్కడ రేవన్స్‌వుడ్ హైస్కూలు పెట్టారు. 1976లో మూసేశారు. ఊరి పిల్లలు బస్సుల్లో దూరపు బడులకు వెళ్ళారు. అదే 1976లో తల్లిదండ్రులు కొందరు కోర్టుకెక్కారు. పదేళ్ళకు, 1986లో రాజీ కుదిరింది. ఆ రాజీ ప్రకారం ప్రతి ఏడాదీ కొందరు పిల్లలు లాటరీ పద్ధతిలో పాలో ఆల్టో తదితర బడుల్లో చేరవచ్చు. చదువు లాటరీ చీటీ అయిందన్నమాట.

ఇక ఎవరో వచ్చి బాగు చేస్తారన్న ఆశ వదులుకుని, మన ఊరు మనమే పాలించుకుందాం అని అక్కడివారు ఉద్యమించారు. 1983 జూన్‌లో ఓటింగ్ జరిగింది. సొంత నగరం కావాలన్న పక్షం కేవలం 15 ఓట్ల తేడాతో గెలిచింది! బార్బరా మౌటన్ తొలి మేయరు అయ్యారు. భూస్వాములు, ఇళ్ళ యజమానులు కొందరు ఎన్నిక చెల్లదని దావా వేస్తే, అది రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1986లో తేలింది. కొత్త మండలి తొలి రోజుల్లోనే అద్దెల నియంత్రణ చట్టం చేసింది. 15 మంది ఆ రోజు ఓటు వేయడానికి బద్ధకించి ఉంటే ఈ ఊరే లేదు. స్థానిక ఎన్నికలంటే మనకుండే చిన్నచూపు ఈ ఒక్క సంఖ్య ముందు నిలవదు.

అయితే ఊరు పుట్టిన ఘడియ మంచిది కాదు. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు పదమూడో ప్రతిపాదనను ఆమోదించారు. ఆస్తి పన్ను ఒక శాతం మించకూడదు, మదింపు విలువ ఏటా 2 శాతానికి మించి పెరగకూడదు అన్నది దాని సారం. పాత ఊళ్ళకు పరిశ్రమలు, దుకాణాలు ఉన్నాయి కనుక నెట్టుకొచ్చాయి. పరిశ్రమ లేక, బజారు పోయి, పన్ను పెంచుకునే దారి కూడా మూసుకుపోయాక పుట్టిన ఊరు పోలీసులకు జీతాలెక్కడ నుంచి తెస్తుంది?

1992

1980ల నడుమ క్రాక్ అనే మత్తుమందు అమెరికా నగరాలన్నిటినీ చుట్టుముట్టింది. ఫ్రీవే దిగగానే ఉన్న ఈ చిన్న ఊరు దాని అమ్మకాలకు అనువైన చోటయింది. కొనడానికి కార్లలో వచ్చేవారు చాలామంది బయటి ఊళ్ళవారు. కొని, మళ్ళీ ఫ్రీవే ఎక్కి, పచ్చిక బయళ్ళున్న తమ ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. తుపాకుల చప్పుడు మాత్రం ఇక్కడే మిగిలింది. 1992లో సుమారు 24 వేల జనాభా ఉన్న ఈ ఊళ్ళో 42 హత్యలు జరిగాయి. జనాభా లెక్కన ఆ ఏడాది దేశంలోకెల్లా అదే ఎక్కువ. పత్రికలు "హత్యల రాజధాని" అని పేరు పెట్టాయి. ఒక్క మైలు అవతల ప్రపంచంలోని తెలివైన కంపెనీలు, ఇవతల పిల్లలను కిటికీల దగ్గర పడుకోనివ్వని తల్లులు.

ఆ ఏడాది పొరుగు ఊళ్ళు ఒక పని చేశాయి. పాలో ఆల్టో, మెన్లో పార్కు తమ పోలీసులను పంపాయి. కౌంటీ షెరీఫ్, రాష్ట్ర హైవే పెట్రోల్ కూడా మనుషులను ఇచ్చారు. మరుసటి ఏడాది హత్యలు ఒక అంకెకు పడిపోయాయి. మనుషులు అంతకు ముందు ఏడాది ఉన్నవారే. మారింది పాలన చేతికందిన బలం. నేరం ఒక జాతి లక్షణమో, ఒక పేట లక్షణమో అయితే ఏడాదిలో అలా తగ్గదు.

అరువు పోలీసులతో ఎల్లకాలం నడవదు కనుక, ఊరు సొంత ఆదాయం వెతుక్కుంది. మూసేసిన హైస్కూలు స్థలంలో పెద్ద దుకాణాల సముదాయం వచ్చింది. 2002లో ఓటర్లు స్వల్ప తేడాతో ఒప్పుకున్నాక 2003లో ఐకియా తెరిచారు. విస్కీ గల్చ్‌ను కూల్చి ఆఫీసులు కట్టారు. 2006లో అక్కడే ఫోర్ సీజన్స్ హోటల్ వెలిసింది. సారా దుకాణాలతోబాటు మంగలి కొట్లు, చిన్న హోటళ్ళు కూడా పోయాయని పెద్దవాళ్ళు ఇప్పటికీ బాధపడతారు. బడి ఉన్న చోట బజారు వచ్చింది. అమ్మకం పన్ను మాత్రం ఊరి ఖజానాకు చేరింది.

2005లో పోలీసు అధిపతిగా వచ్చిన రాన్ డేవిస్ ప్రజలతో కలిసి పని చేసే పద్ధతి తెచ్చారు. జైలు నుంచి తిరిగొచ్చేవారికి పని, చికిత్స దొరికేలా చేసే కార్యక్రమంలో పోలీసు శాఖే ముందు నిలిచింది. ఆయన తరువాత ఒబామా ప్రభుత్వంలో స్థానిక పోలీసు వ్యవస్థలకు సాయపడే కేంద్ర కార్యాలయానికి అధిపతి అయ్యారు. మధ్యలో వెనుకడుగులు లేకపోలేదు. 2006లో ఒక పోలీసు అధికారిని కాల్చి చంపారు. అయినా పని ఆగలేదు. 2023లో ఈస్ట్ పాలో ఆల్టోలో ఒక్క హత్య కూడా జరగలేదు. 42 నుంచి సున్నాకు రావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

నీళ్ళ వాటా

కథ ఇక్కడితో సుఖాంతం అనలేం. 2011లో ఫేస్‌బుక్ కంపెనీ ఈస్ట్ పాలో ఆల్టోకు పొరుగునే ఉన్న పాత సన్ మైక్రోసిస్టమ్స్ ఆవరణలోకి వచ్చింది. ఆ ఆవరణ ఉన్నది మెన్లో పార్కు హద్దుల్లో. కంపెనీ వల్ల పెరిగిన ట్రాఫిక్, అద్దెలు రెండు ఊళ్ళకూ దక్కాయి. నగరానికి వచ్చే పన్ను ఒక ఊరికే దక్కింది.

2016లో ఈస్ట్ పాలో ఆల్టో కొత్త కట్టడాలు నిలిపేయవలసి వచ్చింది. కారణం నీళ్ళు లేకపోవడం. వాటాలు నిర్ణయించింది 1984లో, ఊరు పుట్టిన మరుసటి ఏడాది. అప్పటి పేద ఊరికి తగ్గ వాటాయే రాసిపెట్టారు. చివరకు 2017లో మౌంటెన్ వ్యూ నగరం రోజుకు పది లక్షల గ్యాలన్ల హక్కును 50 లక్షల డాలర్లకు ఇచ్చింది. 2018లో పాలో ఆల్టో మరో ఐదు లక్షల గ్యాలన్లు బదిలీ చేసింది. కృష్ణా, గోదావరి నీటి వాటాల తగాదాలు వింటూ పెరిగిన మనకు ఈ సంగతి వేరే చెప్పాలా?

అద్దెలు భరించలేక పాత కుటుంబాలు చాలా వరకు వెళ్ళిపోయాయి. ఇప్పుడు జనాభాలో మూడింట రెండు వంతుల దాకా లాటినోలు. నేరం పోయాక ఆ శాంతిని అనుభవించడానికి ఆ కష్టాలు పడ్డవారు మిగలకపోతే, ఆ విజయం ఎవరిదన్న ప్రశ్న ఊరి మండలి ముందు ఈనాటికీ ఉంది.

హైదరాబాదులో గీత

ఇదంతా చదువుతుంటే మనకు హైదరాబాదు గుర్తు రాక మానదు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ, 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ వచ్చాయి. ఇక్కడ జనం ఓట్లు వేసి గీత గీసుకుంటే, అక్కడ రాష్ట్ర ప్రభుత్వం పైనుంచి గీసింది. రాళ్ళ గుట్టల మధ్య కంపెనీల కోసం ముందు రోడ్డు, తరువాత పోలీసు కమిషనరు ఆఫీసు వచ్చాయి. భూముల ధరలతో పాటు భూ తగాదాలు, వాటి వెంట నేరాలు పెరగడం మనందరం చూసినదే.

కానీ 2007లో జరిగిన పని ఇక్కడి పద్ధతికి పూర్తిగా వ్యతిరేకం. శివారు పురపాలక సంఘాలను హైదరాబాదులో కలిపి గ్రేటర్ నగర పాలక సంస్థ చేశారు. మాదాపూర్ అద్దాల మేడలు కట్టే పన్ను, చార్మినార్ పక్క సందుల్లో మురుగు కాలువల ఖర్చు ఒకే ఖజానా లెక్కల్లోకి వచ్చాయి. ఆ డబ్బు న్యాయంగా పంచారా అన్నది వేరే చర్చ. కనీసం పంచమని అడిగే హక్కు అయినా పాతబస్తీ కార్పొరేటరుకు దొరికింది. ఈస్ట్ పాలో ఆల్టో పౌరుడికి పాలో ఆల్టో ఖజానా గురించి అడిగే హక్కు ఏనాడూ లేదు.

మన వంతు

ఇందులో మనకేం పని అని కొందరనవచ్చు. మనం వచ్చేనాటికే గీతలు గీసి ఉన్నాయి, మంచి వైపు ఇల్లు కొనుక్కున్నాం, అంతేగా? నిజమే. కానీ గీతలు ఇప్పటికీ గీస్తూనే ఉన్నారు. ఎక్కడ అపార్ట్‌మెంట్లు కట్టనివ్వాలి, బడి హద్దు ఏ వీధి దగ్గర ఆగాలి, నీళ్ళ వాటా ఎంత, పోలీసు బడ్జెట్ ఎంత అన్నవి ప్రతి నెలా ఏదో ఒక సిటీ కౌన్సిల్ గదిలో తేలుతున్నాయి. రాష్ట్రపతి ఎన్నిక వస్తే ఇంటింటా చర్చించుకునే మనం, మన ఊరి మేయరు పేరు అడిగితే తడుముకుంటాం. మండలి సమావేశాల్లో మనవాళ్ళు కనిపించేది ఎక్కువగా తమ వీధి పక్కన కొత్త ఇళ్ళు రాకుండా ఆపమని అడిగేటప్పుడే. ఆ గదుల్లో కూర్చుని నేను చూసినది ఇది.

ఎవరైనా పౌరుడు లేచి రెండు మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. ఉచ్చారణ ఎలా ఉన్నా వింటారు. మన సంఘాలు సాంస్కృతిక కార్యక్రమాలకు పెట్టే శ్రద్ధలో పదో వంతు దీనికి పెట్టినా, ప్రణాళికా సంఘాల్లో, బడి బోర్డుల్లో మన పిల్లలు కూర్చునే రోజు వస్తుంది. కూర్చున్నప్పుడు వాళ్ళు పొలిమేరకు ఇవతలి సంగతే కాక, అవతలి సంగతి కూడా అడగాలి. ఈసారి డంబార్టన్ వంతెన దిగి యూనివర్సిటీ అవెన్యూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్క సీట్లో ఉన్న పిల్లలకు ఆ పదిహేను ఓట్ల సంగతి చెప్పండి.